జార్జ్ వాషింగ్టన్ కార్వర్

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ (సుమారు 1864 - జనవరి 5, 1943) అమెరికా దేశానికి చెందిన వ్యవసాయ శాస్త్రవేత్త, వృక్షశాస్త్రజ్ఞుడు, ఉపాధ్యాయుడు. బానిస తల్లికి జన్మించి, పసితనంలోనే ఆమెకు దూరమై, సుమారు ముప్పై ఏళ్ళ వయసులో వ్యవసాయ శాస్త్రంలో పట్టా పొందాడు. అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విద్యాసంస్థలో 1896 నుండి మరణించే వరకు, అంటే 46 సంవత్సరాలకు పైగా పనిచేశాడు. పత్తి ఒక్కటే పండించి సారం కోల్పోయిన భూములను పంట మార్పిడి, పప్పుజాతి పైర్లు, సేంద్రియ ఎరువుల ద్వారా బాగుచేసుకొనే పద్ధతులను నిరుపేద నల్లజాతి రైతులకు బోధించాడు. వేరుశనగ నుండి వందలాది వస్తువులను తయారుచేసిన వ్యక్తిగా ఈయన పేరు ప్రపంచమంతా వ్యాపించింది. అయితే డబ్బు లేని రైతు తన చేతిలో ఉన్నవాటితోనే నేలను, కుటుంబ ఆహారాన్ని మెరుగుపరచుకొనే మార్గం చూపడమే ఈయన చేసిన అసలు సేవ.

బాల్యము

కార్వర్ మిస్సోరీ రాష్ట్రంలోని డైమండ్ గ్రోవ్ అనే పల్లె సమీపంలో, మోజెస్ కార్వర్ అనే రైతు పొలంలో జన్మించాడు. బానిసల పిల్లల జనన వివరాలను ఆ రోజులలో నమోదు చేసేవారు కారు. అందువలన ఈయన పుట్టిన తేదీ నమోదు కాలేదు. మిస్సోరీలో బానిసత్వం రద్దయిన 1865 జనవరికి ముందు, బహుశా 1864లో జన్మించినట్లు భావిస్తారు. తల్లి పేరు మేరీ. ఆమెను మోజెస్ కార్వర్ 1855లో 700 డాలర్లకు కొన్నాడు. తండ్రి పొరుగు పొలంలోని బానిస. బిడ్డ పుట్టక ముందే ప్రమాదంలో మరణించినట్లు చెబుతారు.

అది అమెరికా అంతర్యుద్ధ కాలం. సరిహద్దు ప్రాంతాలలో దోపిడీ ముఠాలు తిరుగుతూ బానిసలను ఎత్తుకుపోయి దూర రాష్ట్రాలలో అమ్ముకొనేవి. అటువంటి ముఠా ఒకటి మేరీని, ఆమె పసిబిడ్డను అపహరించింది. మోజెస్ కార్వర్ పంపిన మనిషి బిడ్డను మాత్రమే వెదికి తీసుకురాగలిగాడు. అందుకు ప్రతిఫలంగా ఒక గుర్రాన్ని ఇచ్చారు. మేరీ జాడ మరి ఎన్నటికీ తెలియలేదు.

జార్జ్‌ను, అతని అన్న జేమ్స్‌ను మోజెస్, సుసాన్ కార్వర్ దంపతులే పెంచారు. బానిసత్వం రద్దయిన తరువాత కూడా పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు. కోరింత దగ్గు మొదలైన జబ్బులతో జార్జ్ బలహీనంగా ఉండేవాడు. బరువు పనులకు పనికిరాకపోవడం వలన సుసాన్ అతనికి వంట, కుట్టుపని, బట్టలు ఉతకడం, పెరటి తోట పని నేర్పింది. తీరిక దొరికితే అడవిలోకి వెళ్ళి మొక్కలు సేకరించి తెచ్చి నాటుకొనేవాడు. వాడిపోతున్న మొక్కలను బ్రతికించడంలో నేర్పరి కావడంతో ఇరుగుపొరుగువారు అతనిని మొక్కల వైద్యుడని పిలిచేవారు. తరువాతి జీవితంలో అక్కరకు వచ్చిన రెండు విద్యలు, అనగా మొక్కల పెంపకము, ఇంటి పని, ఈయనకు ఇక్కడే అబ్బినవి.

విద్యాభ్యాసము

డైమండ్ గ్రోవ్‌లోని బడిలో నల్లజాతి పిల్లలను చేర్చుకొనేవారు కారు. అందుచేత జార్జ్ పది పన్నెండేళ్ళ వయసులో సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని నియోషో పట్టణానికి ఒంటరిగా వెళ్ళాడు. అక్కడ నల్లజాతి పిల్లల కొరకు ఒక బడి ఉండేది. ఆండ్రూ, మరియా వాట్కిన్స్ అనే నల్లజాతి దంపతులు అతనికి ఆశ్రయమిచ్చారు. మరియా మంత్రసాని. ఆమెకు ఔషధ మొక్కల గురించి కూడా బాగా తెలుసు.

నియోషోలో నేర్చుకోవలసినది త్వరలోనే పూర్తికావడంతో జార్జ్ కాన్సాస్ రాష్ట్రానికి ప్రయాణమయ్యాడు. ఆ తరువాత పదేళ్ళకు పైగా ఊరూరా తిరుగుతూ, వంటవాడుగా, చాకలి పని చేసేవాడుగా పొట్టపోసుకుంటూ చదువు కొనసాగించాడు. 1879లో ఫోర్ట్ స్కాట్ పట్టణంలో ఒక నల్లజాతీయుని అల్లరిమూక చంపి దహనం చేయడం చూసి భయపడి ఆ ఊరు విడిచి వెళ్ళిపోయాడు. మిన్నియాపోలిస్ అనే కాన్సాస్ పట్టణంలో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేశాడు. హైలాండ్ పట్టణంలోని కళాశాల ఈయన దరఖాస్తును ఉత్తరం ద్వారా ఆమోదించినప్పటికీ, ఎదుటకు వచ్చి నిలబడగానే నల్లజాతివాడన్న కారణంతో ప్రవేశం నిరాకరించింది.

1886లో కార్వర్ పశ్చిమ కాన్సాస్‌లోని నెస్ కౌంటీలో ప్రభుత్వ భూమి తీసుకొని, గడ్డినేల పెళ్ళలతో ఇల్లు కట్టుకొని వ్యవసాయం చేశాడు. నీరు లేని ఆ మెట్టభూమిలో రైతు పడే కష్టం స్వయంగా తెలిసివచ్చింది. రెండు మూడేళ్ళకు అది వదలి అయోవా రాష్ట్రానికి చేరాడు. 1890లో ఇండియానోలా పట్టణంలోని సింప్సన్ కళాశాలలో చిత్రలేఖనము, సంగీతము అభ్యసించడానికి చేరాడు. అక్కడి చిత్రలేఖన ఉపాధ్యాయిని ఎట్టా బడ్ ఈయన వేసిన పూల చిత్రాలలో వృక్షశాస్త్ర పరిశీలనను గమనించింది. ఆమె తండ్రి ఏమ్స్ నగరంలోని అయోవా వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యుడు. ఆమె ప్రోత్సాహంతో కార్వర్ 1891లో ఆ కళాశాలలో చేరాడు. అక్కడ చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి ఈయనే. చిత్రలేఖనాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఈయన చిత్రం ఒకటి ప్రదర్శింపబడింది.

1894లో పట్టభద్రుడై, అదే కళాశాలలో అధ్యాపకునిగా నియమితుడయ్యాడు. ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు లూయీ పమ్మెల్ వద్ద మొక్కల తెగుళ్ళను కలిగించే శిలీంధ్రాలపై పరిశోధన చేశాడు. 1896లో స్నాతకోత్తర పట్టా పొందాడు. శిలీంధ్రాల సేకరణలో ఈయనకు అసాధారణమైన నైపుణ్యం ఉండేది. ఈయన సేకరించిన కొన్ని శిలీంధ్ర జాతులకు తరువాత కార్వర్ పేరే పెట్టారు. ఏమ్స్‌లో ఉన్న రోజులలో ఒక ఆచార్యుని కుమారుడు, హెన్రీ వాలస్ అనే బాలుడు, ఈయన వెంట తిరుగుతూ మొక్కల గురించి నేర్చుకొన్నాడు. ఆ బాలుడే పెద్దవాడై సంకరజాతి మొక్కజొన్న విత్తన వ్యాపారానికి ఆద్యులలో ఒకడయ్యాడు. వ్యవసాయ మంత్రిగాను, 1941-45 మధ్య అమెరికా ఉపాధ్యక్షుడుగాను పనిచేశాడు.

టస్కీగీకి రాక

నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ 1881లో అలబామా రాష్ట్రంలో టస్కీగీ విద్యాసంస్థను స్థాపించాడు. నల్లజాతి యువతకు వృత్తి విద్యలు నేర్పి వారిని స్వయంపోషకులుగా చేయడం ఆ సంస్థ ఆశయం. అక్కడ వ్యవసాయ విభాగాన్ని నడిపించడానికి ఆయన కార్వర్‌ను ఆహ్వానించాడు. ఏమ్స్‌లోని సౌకర్యాలను వదలుకొని, ఏడాదికి వెయ్యి డాలర్ల జీతంపై కార్వర్ 1896 అక్టోబరులో టస్కీగీ చేరాడు.

వచ్చేసరికి అక్కడ ప్రయోగశాల అనదగినదేమీ లేదు. విద్యార్థులతో కలిసి చెత్తకుప్పలలో వెదికి, పారవేసిన సీసాలు, డబ్బాలు, పింగాణీ పాత్రలు ఏరి తెచ్చి వాటినే పరికరాలుగా మలచుకొన్నాడు. 1897లో అలబామా శాసనసభ టస్కీగీలో ఒక వ్యవసాయ ప్రయోగ క్షేత్రాన్ని ఏర్పాటుచేసి, ఏటా 1,500 డాలర్లు మంజూరు చేసింది. 1887 నాటి హాచ్ చట్టం క్రింద ప్రతి రాష్ట్రంలోని ప్రయోగ క్షేత్రానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే మొత్తం ఏటా 15,000 డాలర్లు. అందులో పదవ వంతుతోనే కార్వర్ తన క్షేత్రాన్ని నడపవలసి వచ్చింది. ఈ లోటు ఆయన పరిశోధన దిశను నిర్ణయించింది. పేద రైతు కొనలేని దానిని తాను కూడా వాడకుండా ప్రయోగాలు చేయడం ఆయన పద్ధతి అయినది.

అప్పటి దక్షిణ ప్రాంత వ్యవసాయ పరిస్థితి

బానిసత్వం పోయిన తరువాత కూడా అలబామాలోని నల్లజాతి రైతులలో అధిక సంఖ్యాకులకు సొంత భూమి లేదు. వారు భూస్వాముల పొలాలను పంటలో వాటా ఇచ్చే ఒప్పందంపై సాగుచేసేవారు. సాధారణంగా సగం పంట భూస్వామికి పోయేది. విత్తనాలు, ఎరువులు, తిండి గింజలు, బట్టలు అన్నీ దుకాణదారు వద్ద అప్పుగా తెచ్చుకోవాలి. ఆ అప్పుకు హామీ రాబోయే పంట. పంట అమ్మి లెక్క చూసుకొంటే రైతుకు మిగిలేది స్వల్పం. పలుమార్లు పాత బాకీ తరువాతి ఏడాదికి సాగేది.

అప్పు ఇచ్చేవాడు కోరేది పత్తి. అది నిలవ ఉంటుంది, ఎప్పుడైనా డబ్బుగా మారుతుంది, రైతు దానిని తినివేయలేడు. అందువలన ఇంటి గుమ్మం వరకు పత్తే వేసేవారు. కూరగాయల పాదులకు, పాడి పశువులకు చోటు ఉండేది కాదు. ఏటేటా అదే పంట వేయడం వలన నేలలోని పోషకాలు, ముఖ్యంగా నత్రజని, తరిగిపోయాయి. వరుసల మధ్య ఖాళీగా ఉన్న నేల వానలకు కోసుకుపోయి గండ్లు పడేవి. దిగుబడి తగ్గిన కొద్దీ రైతు మరింత ఎక్కువ విస్తీర్ణంలో పత్తి వేసేవాడు. నేల పేదరికము, రైతు పేదరికము ఒకదానినొకటి పెంచుకుంటూ పోయాయి.

దీనికి తోడు బోల్ వీవిల్ అనే ముక్కుపురుగు బెడద వచ్చింది. పత్తి మొగ్గలలో, కాయలలో గ్రుడ్లు పెట్టి వాటిని లోపలినుండి నాశనం చేసే ఈ పురుగు మెక్సికో నుండి 1892 ప్రాంతంలో టెక్సాస్‌లో ప్రవేశించి, క్రమంగా తూర్పుకు వ్యాపించి, 1910 నాటికి అలబామా చేరింది. పత్తి ఒక్కదానినే నమ్ముకొన్న ప్రాంతాలు చితికిపోయాయి.

నేల పునరుద్ధరణ కృషి

పంట మార్పిడి

ఒకే నేలలో ఒకే పైరును వరుసగా వేయకుండా, వేరువేరు స్వభావాలు గల పైర్లను ఒకదాని తరువాత మరొకటి వేయడాన్ని పంట మార్పిడి అంటారు. ఒక్కొక్క పైరు నేలలో ఒక్కొక్క లోతునుండి, ఒక్కొక్క పాళ్ళలో పోషకాలను తీసుకుంటుంది. ఒక పైరును ఆశించే పురుగులు, తెగుళ్ళు తరచుగా మరొక పైరుపై బ్రతకలేవు. అందుచేత పైరు మారితే నేలకు విశ్రాంతి, తెగుళ్ళకు అడ్డుకట్ట రెండూ లభిస్తాయి. కార్వర్ పత్తికి మార్పుగా అలసందలు (బొబ్బర్లు), వేరుశనగ, సోయా చిక్కుడు, చిలగడదుంప (గెనుసుగడ్డ) మొదలైనవి వేయమని బోధించాడు. అలసందపై ఆయనకు ప్రత్యేకమైన అభిమానం ఉండేది. అది మనుషులకు ఆహారము, పశువులకు మేత, నేలకు ఎరువు.

నత్రజని స్థిరీకరణ

గాలిలో సుమారు 78 శాతం నత్రజని ఉన్నప్పటికీ మొక్కలు దానిని నేరుగా గ్రహించలేవు. పప్పుజాతి మొక్కల వేళ్ళపై ఏర్పడే చిన్న బుడిపెలలో నివసించే రైజోబియం జాతి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి. ప్రతిఫలంగా మొక్క వాటికి ఆహారమిస్తుంది. జర్మనీకి చెందిన హెల్‌రీగెల్, విల్ఫార్త్ అనే శాస్త్రవేత్తలు 1886-88 మధ్య ఈ విషయాన్ని నిరూపించారు. కార్వర్ టస్కీగీ చేరేనాటికి ఈ జ్ఞానం పదేళ్ళ వయసుది మాత్రమే. దానిని చదువురాని రైతు పొలానికి చేర్చడంలో ఈయన ముందువరుసలో నిలిచాడు.

పప్పుజాతి పైరు వేసినంత మాత్రాన నేల బాగుపడదు. వేరుశనగనే తీసుకుంటే, పూలు నేలపైన పూసి, ఊడలు నేలలోకి దిగి, కాయలు భూమిలో ఏర్పడతాయి. కాబట్టి కోతలో మొక్కను వేళ్ళతో సహా పెరికివేస్తారు. కాయలతో పాటు కట్టెను కూడా పొలం దాటించి అమ్మివేస్తే నత్రజనిలో అధిక భాగం దానితోపాటే పోతుంది. కట్టెను పశువులకు మేపి, ఆ పేడను తిరిగి పొలంలో వేస్తే నేలకు దక్కుతుంది. అందువలననే కార్వర్ పంట మార్పిడిని పశుపోషణతో, ఎరువు తయారీతో ముడిపెట్టి బోధించాడు.

సేంద్రియ ఎరువులు

కార్వర్ 1905లో సారం పోయిన నేలలను బాగుచేసుకొనే విధానంపై ఒక కరపత్రం ప్రచురించాడు. ఇసుకపాలు ఎక్కువగా ఉండి కోతకు గురైన నేలలో లోతు దుక్కి చేయడం, గండ్లు పూడ్చడం, రాలిన ఆకులు, బురద గుంటలలోని నల్లమట్టి, పశువుల పేడ కలిపి కుళ్ళబెట్టి వేయడం, పప్పుజాతి పైరు వేసి కలియదున్నడం ద్వారా ఏటేటా దిగుబడిని పెంచవచ్చునని తన క్షేత్రంలో చేసి చూపాడు. కొనుగోలు ఎరువులకు రైతు చేసే అప్పే అతనిని దుకాణదారుకు కట్టివేస్తున్నదని గ్రహించి, అడవిలోను, చిత్తడి నేలలలోను ఉచితంగా దొరికే దానిని వాడుకొమ్మని చెప్పాడు. కుళ్ళిన ఆకులు, పేడ నేలకు పోషకాలనివ్వడంతో పాటు తేమను పట్టి ఉంచుతాయి, నేలను గుల్లబరుస్తాయి. రసాయనిక ఎరువు ఒక్కటే ఈ పని చేయలేదు.

ఆహారము, పోషణ

దక్షిణ ప్రాంతపు పేదల ఆహారం ఆ రోజులలో ప్రధానంగా మూడు వస్తువులు. మొక్కజొన్న పిండి, ఉప్పువేసిన పంది కొవ్వు, బెల్లపు పాకం. ఈ ఆహారం వలన పెల్లాగ్రా అనే వ్యాధి విస్తృతంగా ఉండేది. చర్మం పొక్కిపోవడం, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం దీని లక్షణాలు. నయాసిన్ అనే విటమిను లోపమే దీనికి కారణమని తరువాతి కాలంలో తేలింది. దక్కను పీఠభూమిలో జొన్న ప్రధాన ఆహారంగా గల పేదలలో కనిపించిన ఇదే వ్యాధిని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అధ్యయనం చేశారు.

కార్వర్ ఈ విటమిను సంగతి తెలియక ముందే, ఆహారంలో వైవిధ్యం ఉండాలని పట్టుబట్టాడు. పెరటిలో కూరగాయలు, కోళ్ళు, ఒక పాడి ఆవు ఉన్న కుటుంబం దుకాణం అప్పునుండి సగం బయటపడినట్లేనని ఆయన అభిప్రాయం. మాంసకృత్తులు ఎక్కువగా గల అలసందలను, వేరుశనగను వండే విధానాలు, పండ్లను ఎండబెట్టి నిలవ చేసే పద్ధతులు, టమాటా సాగు, పంది మాంసాన్ని వేసవిలో చెడకుండా కాపాడే పద్ధతి మొదలైనవాటిపై సులభమైన భాషలో కరపత్రాలు వ్రాశాడు. కలుపు మొక్కలుగా భావించే అనేక ఆకుకూరలు తినదగినవని రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, ఒక కరపత్రం ద్వారా తెలియజేశాడు. 1898 నుండి ఈయన పేరుతో మొత్తం 44 కరపత్రాలు వెలువడ్డాయి. వాటిలో ప్రతిదీ రైతుకు, గృహిణికి, ఉపాధ్యాయునికి ఉపయోగపడేలా వ్రాయబడినది.

రైతు ఇంటి అందాన్ని కూడా ఆయన విస్మరించలేదు. అలబామాలో దొరికే రంగు మట్టులనుండి గోడలకు వేసుకొనే చౌకరకం రంగులు తయారుచేసి, వాటి తయారీని గ్రామస్థులకు నేర్పాడు.

బండి మీద బడి

చదువురాని రైతుకు కరపత్రం చాలదని, బడికి రాలేని రైతు వద్దకు బడే వెళ్ళాలని బుకర్ టి. వాషింగ్టన్, కార్వర్ భావించారు. మోరిస్ జెసప్ అనే న్యూయార్కు ధనవంతుని విరాళంతో 1906లో ఒక గుర్రపు బండిని సిద్ధం చేశారు. అందులో మెరుగైన నాగళ్ళు, విత్తనాలు, ఎరువుల నమూనాలు, వెన్న తీసే పరికరాలు మొదలైనవి అమర్చే ఏర్పాటును కార్వర్ రూపొందించాడు. దాత పేరు మీద దీనిని జెసప్ బండి అన్నారు. ఊరిలో ఒక రైతు పొలం ఎంచుకొని, అక్కడే దున్ని, విత్తి, చుట్టుపక్కలవారికి చూపడం దీని విధానం. కార్వర్ శిష్యుడైన థామస్ క్యాంప్‌బెల్ ఆ ఏడాదే అమెరికా వ్యవసాయ శాఖలో మొదటి నల్లజాతి విస్తరణాధికారిగా నియమితుడై ఈ బండిని నడిపాడు. 1918లో బండి స్థానంలో మోటారు వాహనం వచ్చింది.

పరిశోధనా ఫలితాలను రైతు పొలంలోనే ప్రదర్శించి చూపే ఈ పద్ధతినే వ్యవసాయ విస్తరణ అంటారు. నేడు అనేక దేశాలలో ఈ విధానం అమలులో ఉన్నది.

వేరుశనగ, కీర్తి

వేరుశనగ దక్షిణ అమెరికాలో పుట్టిన పైరు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో అది కార్వర్‌కు ముందే ఉన్నప్పటికీ ఎక్కువగా పశువుల మేతగా పరిగణింపబడేది. కార్వర్ 1916లో వేరుశనగ సాగు విధానంతో పాటు దానితో 105 రకాల వంటకాలు చేసుకొనే పద్ధతులను వివరిస్తూ ఒక కరపత్రం ప్రచురించాడు. ఇది ఆయన కరపత్రాలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది. పాలు, పిండి, నూనె, రంగులు, సబ్బు, సౌందర్య సాధనాలు వంటి అనేక వస్తువులను వేరుశనగనుండి తన ప్రయోగశాలలో తయారుచేశాడు.

చౌకగా దిగుమతి అవుతున్న వేరుశనగపై సుంకం విధించాలని కోరుతూ, వేరుశనగ వ్యాపారుల సంఘం తరఫున కార్వర్ 1921 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన పన్నుల సంఘం ముందు హాజరయ్యాడు. వర్ణవివక్ష తీవ్రంగా ఉన్న కాలమది. మొదట కొందరు సభ్యులు హేళనగా మాట్లాడినా, ఆయన పెట్టెలోనుండి ఒక్కొక్క నమూనా తీసి చూపుతూ వివరిస్తుంటే ఆసక్తితో విన్నారు. మొదట కేటాయించిన పది నిమిషాల సమయాన్ని పలుమార్లు పొడిగించారు. 1922 నాటి సుంకాల చట్టంలో వేరుశనగకు రక్షణ లభించింది. ఈ సంఘటనతో కార్వర్ పేరు దేశమంతటా మారుమ్రోగింది.

అపోహలు, విమర్శలు

కీర్తితోపాటు అతిశయోక్తులు కూడా పెరిగాయి. వేరుశనగ వెన్నను కార్వర్ కనుగొన్నాడనే ప్రచారం నిజం కాదు. కెనడాకు చెందిన మార్సెలస్ ఎడ్సన్ 1884లోనే వేరుశనగ ముద్దకు పేటెంటు పొందాడు. వేరుశనగనుండి 300, చిలగడదుంపనుండి 100కు పైగా వస్తువులు తయారుచేశాడని చెప్పే జాబితాలలో అధిక భాగం వంటకాలు, లేదా ఒకే వస్తువు యొక్క వివిధ రకాలు. పరిశ్రమగా నిలదొక్కుకొన్నవి దాదాపు లేవు. ఆయన తీసుకొన్న పేటెంట్లు మూడు మాత్రమే. అవి 1925-27 మధ్య సౌందర్య సాధనాలకు, రంగులకు సంబంధించినవి. తయారీ సూత్రాలను వివరంగా వ్రాసిపెట్టకపోవడం శాస్త్రవేత్తగా ఆయనలోని లోపమని చరిత్రకారులు భావిస్తారు. పోలియో రోగులకు వేరుశనగ నూనెతో మర్దన చేసి ఆయన సాధించిన మెరుగుదల నూనె వలన కాక మర్దన వలన కలిగినదని వైద్యులు నిర్ణయించారు.

వేరుశనగ సాగు విస్తరణకు కూడా కార్వర్ ఒక్కడే కారణం కాదు. బోల్ వీవిల్ తాకిడి, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నూనెలకు పెరిగిన గిరాకీ రైతులను అటువైపు మళ్ళించాయి. అలబామాలోని ఎంటర్‌ప్రైజ్ పట్టణం వేరుశనగతో బాగుపడి, తమను పత్తి నుండి తప్పించినందుకు ఆ పురుగుకే 1919లో ఒక స్మారక స్తంభం నిలిపింది.

కార్వర్ మంచి ఉపాధ్యాయుడు గాని, కార్యనిర్వహణలో సమర్థుడు కాదు. కోళ్ళ పెంపకం నిర్వహణ, నివేదికల విషయంలో బుకర్ టి. వాషింగ్టన్‌తో ఆయనకు ఏళ్ళ తరబడి వివాదాలు నడిచాయి. చివరకు 1910లో ఆయనను వ్యవసాయ విభాగ నిర్వహణనుండి తప్పించి పరిశోధనా విభాగానికి పరిమితం చేశారు.

అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి ఆయన చేతిలో లేనిది. పంట మార్పిడి వలన నేల బాగుపడడానికి కొన్నేళ్ళు పడుతుంది. వచ్చే ఏడాది అదే పొలంలో ఉంటాడో లేదో తెలియని కౌలుదారు, పత్తి తప్ప మరొకటి ఒప్పుకోని భూస్వామి క్రింద, ఆ ఫలితాన్ని అందుకోవడం కష్టం. కార్వర్ సలహాలను పాటించగలిగినవారు ఎక్కువగా కొద్దిపాటి సొంత భూమి గలవారే. ఆయన జీవించి ఉండగానే లక్షలాది నల్లజాతీయులు పల్లెలు విడిచి ఉత్తరాది నగరాలకు తరలిపోయారు. కౌలు వ్యవస్థను, వర్ణవివక్షను ఆయన బహిరంగంగా ఎదిరించకపోవడాన్ని కొందరు విమర్శించారు. పెరటి తోట, ఒక పాడి ఆవు, ఎరువు కుప్ప వంటివి మాత్రం కౌలుదారు కూడా కొంతవరకు ఆచరించగలిగినవి. ఆయన వాటికే ప్రాధాన్యమివ్వడానికి కారణం ఇదే.

భారతదేశముతో సంబంధము

గాంధీజీ సన్నిహితుడు సి.ఎఫ్. ఆండ్రూస్ 1929లో టస్కీగీని సందర్శించాడు. ఆయన ద్వారా ఏర్పడిన పరిచయంతో కార్వర్ శాకాహారంలో పోషక విలువలకు సంబంధించిన సమాచారాన్ని, తన కరపత్రాలను గాంధీజీకి పంపాడు. వారిద్దరి మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు జరిగాయి. మరాఠీలో వీణా గవాణ్కర్ వ్రాసిన కార్వర్ జీవితచరిత్ర 1981లో వెలువడి విశేషమైన పాఠకాదరణ పొందింది.

కార్వర్ బోధించిన సూత్రాలు తెలుగు రైతులకు కొత్తవి కావు. కృష్ణా డెల్టాలో వరి కోత తరువాత మినుము, పెసర చల్లడం, జనుము, జీలుగ, పిల్లిపెసర పెంచి కలియదున్నడం, మెట్టలో కందిని అంతరపంటగా వేయడం నత్రజని స్థిరీకరణపై ఆధారపడిన పద్ధతులే. వేరుశనగ రాయలసీమలో, ముఖ్యంగా అనంతపురం ప్రాంతంలో ప్రధాన వర్షాధార పంట. అయితే అక్కడ ఇరవయ్యవ శతాబ్దం చివరి దశాబ్దాలలో సాగుభూమిలో అధిక భాగాన్ని వేరుశనగ ఒక్కటే ఆక్రమించి, వానలు తప్పినప్పుడల్లా రైతులు తీవ్రంగా నష్టపోయారు. అలబామాలో పత్తికి విరుగుడుగా వచ్చిన పైరే ఏకపంటగా మారినప్పుడు అదే చిక్కును తెచ్చిపెట్టింది. కార్వర్ చెప్పినది ఒక పంటను వదలి మరొక పంటను పట్టుకొమ్మని కాదు, ఏ ఒక్క పంటనూ నమ్ముకోవద్దని.

వ్యక్తిత్వము

కార్వర్ వివాహం చేసుకోలేదు. విద్యాసంస్థ వసతి గృహంలోనే నివసించాడు. పాతబడిన కోటు, దాని బొత్తాము రంధ్రంలో ప్రతిదినము ఒక తాజా పువ్వు ఆయన రూపానికి గుర్తుగా నిలిచాయి. తెల్లవారుజామునే లేచి అడవిలో నడిచి మొక్కలు సేకరించడం జీవితాంతం మానలేదు. దైవభక్తి మెండు. విద్యార్థులకు ఆదివారాలలో బైబిల్ తరగతులు నిర్వహించేవాడు. సలహా కోరి వచ్చిన రైతుల ఉత్తరాలకు ప్రతిఫలం తీసుకోకుండా జవాబులు వ్రాసేవాడు. జీతం చెక్కులను మార్చుకోవడం కూడా తరచుగా మరచిపోయేవాడు. అలా పొదుపైన సుమారు 60 వేల డాలర్లను తన పేరుతో ఏర్పడిన వ్యవసాయ పరిశోధనా సంస్థకు, మ్యూజియమునకు ఇచ్చివేశాడు.

మరణము

వృద్ధాప్యంలో రక్తహీనతతో బాధపడుతూ, ఇంటి మెట్లపై జారిపడిన కొద్ది కాలానికి 1943, జనవరి 5న టస్కీగీలో మరణించాడు. విద్యాసంస్థ ఆవరణలో బుకర్ టి. వాషింగ్టన్ సమాధి ప్రక్కనే ఈయనను ఖననం చేశారు. 1947లో కార్వర్ మ్యూజియములో జరిగిన అగ్నిప్రమాదంలో ఈయన వేసిన చిత్రాలు అనేకం దగ్ధమయ్యాయి.

గౌరవాలు, స్మారకాలు

1916లో లండనులోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ సభ్యత్వం లభించింది.
1923లో నల్లజాతి పురోగమన జాతీయ సంఘం స్పింగార్న్ పతకాన్ని బహూకరించింది.
1928లో సింప్సన్ కళాశాల గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది.
1935లో అమెరికా వ్యవసాయ శాఖ మొక్కల తెగుళ్ళ సర్వేలో సహకారిగా నియమించింది.
1939లో రూజ్‌వెల్ట్ పతకం లభించింది.
1943 జూలైలో డైమండ్ గ్రోవ్‌లోని ఈయన జన్మస్థలాన్ని జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించారు. అమెరికాలో ఒక నల్లజాతీయుని పేరిట ఏర్పడిన మొదటి జాతీయ స్మారకం ఇదే.
1948లో, మరల 1998లో అమెరికా తపాలా శాఖ ఈయన చిత్రంతో తపాలా బిళ్ళలు విడుదల చేసింది.
1990లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ మందిరంలో ఈయన పేరు చేర్చబడింది.